మూట అడుగున కొత్త చీరలు

మంగళవారం, రాత్రి

బొంతల కోసం చీరాల బజారులో కిలోల లెక్కన కొన్న పాత చీరల మూటను పొద్దున మా చర్చి సంఘం ఆడవాళ్ళ ముందు విప్పాను. అడుగున ఆరు చీరలు మడత నలగని కొత్తవి. అన్నిటికీ పసుపు మరకలు, కర్పూరం వాసన.

సూదిలో దారం ఎక్కిస్తున్న మరియమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "అయ్యగారూ, ఇవి శవాల మీద కప్పినవండీ. కాటికాడ ఏరి అమ్ముతారు."

"దేవుని బిడ్డలకు దయ్యాల భయమేంటమ్మా? ఉతికి కుట్టండి!" అని బైబిలు గ్రంథం ఎత్తిపట్టి గర్జించాను.

"అయితే మొదటి బొంత మీ మనవరాలికేనండీ" అంది. అందరూ నవ్వారు. కాదనలేకపోయాను. చీరల్ని ఉడకబెట్టి ఆరేసి, సాయంత్రానికల్లా చిన్న బొంత కుట్టి పంపారు.

ఇప్పుడు ఇరవై రోజుల పాప దాని మీదే నిద్రపోతోంది. రోగాలైతే ఉడకబెట్టినప్పుడే పోయి ఉంటాయి. నా భయం రోగం గురించి కాదు. ఇన్నేళ్ళు మైకులో దేన్ని లేదన్నానో, దాని గురించే. ప్రార్థన మధ్యలో నాలుగుసార్లు లేచి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

ఐదోసారి లేచి నా గ్రంథం పాప తల కింద, బొంత మడతలో పెట్టాను. తాయెత్తు కట్టుకుందని పోయిన ఆదివారమే మరియమ్మను అందరిలో నిలబెట్టి కడిగేశాను. ఎవరూ చూడకముందే గ్రంథాన్ని అక్కణ్ణుంచి తీసేయాలి. కానీ తీస్తే...