వెనక్కి నడిపిన గడ్డి మిషను

ఇండియానా రాష్ట్రం, మిల్‌బ్రుక్ ఊరు, సికమోర్ వీధిలో కాపురముంటున్న ఎల్డన్ క్రౌస్ అను నేను, డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవన్నీ దీనితో రద్దు. గుండె బాగాలేదని, బుర్ర మాత్రం శుభ్రంగా పనిచేస్తోందని డాక్టరు చెప్పాడు. శుభ్రంగా పనిచేసే బుర్రతోనే ఇలాంటి పని చేశానని రాసుకోవాల్సి రావడం సిగ్గుగా ఉంది.

1. ఇల్లు, దాని చుట్టూ ఉన్న స్థలం, గరాజు, నా ఏకైక సంతానమైన కుమార్తె రోండాకు సర్వహక్కులతో చెందవలెను. లాన్ మొత్తం తవ్వి టమాటాలు వేసుకున్నా ఎవరూ ఆక్షేపించరాదు. ఆ గడ్డి మీద ఎవరు అడుగు పెట్టినా నేను వేసిన కేకలు ఈ వీధికి చాలు.

2. చేత్తో తోస్తూ గడ్డి కోసే మిషను, బ్లేడు సానపట్టే ఆకురాయి, చప్పుడు తగ్గించడానికి చెవులకు పెట్టుకునే డొప్పలు అల్లుడు డ్వేన్‌కు. "మామయ్య మిషను స్టార్ట్ చేసేలోపు ఉపన్యాసం పూర్తవుతుంది" అని అతను నవ్వేవాడు. ఈ ఒక్కసారి భరించాలి. ముందు లాన్ అంతా నడిచి రాళ్ళు, పుల్లలు, బొమ్మలు ఏరెయ్యి. గట్టి బూట్లు వేసుకో. తడిగడ్డి జోలికి పోకు. గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి కొయ్యకు, కోసింది అక్కడే వదిలెయ్యి, అదే ఎరువు. మొద్దుబారిన బ్లేడు గడ్డిని కొయ్యదు, పీకుతుంది. గడ్డి ఇరుక్కుంటే మిషను ఆపి, ప్లగ్గు వైరు ఊడదీశాకే చెయ్యి పెట్టు. అన్నిటికన్నా ముందు, పిల్లలు ఇంట్లో ఉండాలి, తలుపు వేసి ఉండాలి. ఈ మాటలు వీధంతా చెప్పి గడ్డి మాస్టారు అనిపించుకున్నాను. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు.

3. నా తమ్ముడు వర్జిల్‌కు, లాన్ అంచుల్లో గడ్డి కత్తిరించే నా యంత్రం. అది ఎన్నో ఏళ్ళుగా అతని గరాజులోనే ఉంది. ఇకపై "వచ్చేవారం తెచ్చిస్తా అన్నయ్యా" అనే శ్రమ అతనికి ఉండదు.

4. ఎక్కి నడిపే మిషను ఎవరికీ రాయడం లేదు. వెనక్కి నడిపితే బ్లేడు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు దానికి ఉండేది. మాటిమాటికీ ఆగి పని సాగడం లేదని ఆ స్విచ్చి వైరు నేనే తప్పించాను. పైగా అదేదో గొప్ప తెలివైనట్టు పక్కింటివాళ్ళకు చూపించాను. దానిని ఈ వీలునామా అమలు చేసే నా కార్యనిర్వాహకుడు తుక్కుకు వేయవలెను.

కారణం రాయాలి. మనవరాలు టెస్సాను ఆ మిషను మీద ఒళ్ళో కూర్చోబెట్టుకుని తిప్పేవాణ్ణి. మా నాన్న నన్ను ట్రాక్టరు మీద తిప్పాడు, నేను రోండాను తిప్పాను. ఇక్కడ ఏ తాతైనా చేసే ముద్దే అది. దాంతో మిషను చప్పుడు వింటే భయపడాల్సిన పిల్ల, "తాతా, నన్నెక్కించుకో!" అంటూ ఎదురు పరుగెత్తేది. అది నేను నేర్పిన చదువు. పోయిన ఏడు మే నెలాఖరులో, మెమోరియల్ డే సెలవుకు చుట్టాలు వచ్చేలోపు ముగిద్దామని, మేపుల్ చెట్టు కింద మిషను వెనక్కి నడుపుతున్నాను. తల తిప్పి చూడలేదు. పిల్ల వెనకనుంచి వచ్చింది. పక్కింటి మావిస్ ఓడెల్, మోకాళ్ళు పట్టేసిన మనిషి, పరుగున వచ్చి గౌను పట్టుకుని లాగింది. ఇద్దరూ పడ్డారు. పిల్ల ఎర్ర కాలిజోడు ఒకటి బ్లేడు కింద ముక్కలైంది. కాలు దక్కింది.

నేను దిగి మొదట చేసిన పని పిల్లను ఎత్తుకోవడం కాదు. వీధంతా వింటుండగా, "రోండా! ఒక్క పిల్లని చూసుకోవడం చేతకాదా నీకు? తలుపు ఎవరు తీసి పెట్టారు?" అని అరిచాను. మా అమ్మాయి టెస్సాను కారులో వేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ నా గుమ్మం తొక్కలేదు. తలుపు తనే వేసి ఉంటే బాగుండేదని ఈనాటికీ ఏడుస్తుందట, మావిస్ చెప్పింది. కనుక దీని మూలంగా తెలియజేయునది ఏమనగా, తప్పు తలుపుది కాదు, తల్లిది కాదు. వైరు తప్పించింది నేను, వెనక్కి చూడనిది నేను, పిల్లకు ఆ చప్పుడు తీపి చేసింది నేను. నా నోట్లోంచి వచ్చిన ఆ మాట తలుచుకుంటే అన్నం సహించదు.

5. టెస్సాకు, వాళ్ళ అమ్మమ్మ, కాలం చేసిన నా భార్య నోరీన్ పెట్టిన పిట్టల నీళ్ళ తొట్టి. చిన్న కప్పుతో దాన్ని నింపడం ఆ పిల్లకు ఇష్టం. ఒక జత ఎర్ర కాలిజోళ్ళు కూడా కొనివ్వవలెను. సైజు వాళ్ళ అమ్మను అడగాలి. ఇప్పుడు నాకు తెలియదు.

6. మావిస్‌కు నోరీన్ కుట్టిన పాతగుడ్డల దుప్పటి రాయబోయాను. తేనెటీగల కోసం ఆమె లాన్‌లో పసుపు పూలు పెరగనిస్తే, గడ్డి ఎత్తు పెరిగిందని ఊరి ఆఫీసుకు ఫిర్యాదు చేసినవాణ్ణి నేను. ఇప్పుడు ఆమెనే సాక్షిగా రమ్మన్నాను. సాక్షి సంతకం పెట్టినవాళ్ళకు ఆస్తిలో ఏమీ రాయకూడదని లాయరు అడ్డుపడ్డాడు. "నీ దుప్పటి నాకెందుకయ్యా ఎల్డన్, మా ఇంట్లో చలి లేదు. ఆ పిల్ల గురించి నిజం రాశావా? రాస్తే చాలు, సంతకం పెడతా" అంది మావిస్. దుప్పటి కూడా రోండాకే.

7. కార్యనిర్వాహకుడు లాయరు గ్రెగ్ హాల్‌స్టెడ్. నేను పోయాకే దీన్ని చదివించాలని ఆయన సలహా. పోయినవాడు క్షమించమంటే ఎదుటి మనిషి ఏమీ అనలేదు, అనాలనుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. మా అమ్మాయికి నన్ను కడుపారా తిట్టే హక్కు ఉంది. ఆ హక్కును, నేను ప్రాణంతో ఉండగానే, నేటినుంచే అమల్లోకి వచ్చేలా రోండాకు దఖలు పరుస్తున్నాను. దీని నకలు పట్టుకుని ఈ లాయరు ఆఫీసునుంచి నేరుగా ఆమె ఇంటికి వెళ్తున్నాను. తలుపు తీయకపోతే మెట్ల మీద కూర్చుంటాను.

2019 జూన్ 14

(సంతకం) ఎల్డన్ క్రౌస్

సాక్షులు:
మావిస్ ఓడెల్, పక్కింటి నివాసి
డొరీన్ ఫెల్ప్స్, లాయరు గారి గుమస్తా