పన్నెండో పేరు

జూన్ 11, 2025. బుధవారం

ఆఫీసులో నాకో కొత్త పీకులాట తగిలించారు. కంపెనీ పుట్టి ఇరవై ఐదేళ్ళు నిండాయి కాబట్టి చరిత్ర పుస్తకం వేస్తారట. అది నేను రాయాలట. జనరల్ మేనేజర్ విజయ్ కుమార్ గారు పిలిచి మరీ చెప్పారు. తెలుగు చక్కగా రాసేది మీరొక్కరే మునిచంద్ర గారూ, మా అందరిదీ సర్క్యులర్ తెలుగు అన్నారు. పొగిడితే మునగచెట్టు ఎక్కే రకం నేను. ఎక్కేశాను.

మార్చిలో రిటైర్మెంట్. అందాకా తిరుపతి ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని రాసుకోవచ్చు. ఇంటికొచ్చి వసంతమ్మకి చెప్పాను. పెళ్ళయిన కాడ్నించి స్తంభాలు తప్ప ఇంకోటి సూడని మనిషివి, ఇప్పుడు కతలు రాస్తావా అని నవ్వింది. నా భార్య నవ్వితే ఆ రోజు బాగున్నట్టే.

జూన్ 19

రాస్తున్నాను. కరెంటు బోర్డు ఒకటిగా ఉన్న రోజులు, అది ముక్కలు కావడం, మా ముక్కకి కంపెనీ అని పేరు రావడం. పొద్దున బోర్డు ఉద్యోగులుగా డ్యూటీకి పోయి, సాయంత్రం కంపెనీ ఉద్యోగులుగా ఇంటికొచ్చినట్టు ఉండింది మాకు. స్తంభాలు అవే, ఫ్యూజులు అవే, జనం తిట్టే తిట్లు అవే. గోడ మీద పేరు మార్చడానికి మాత్రం పెయింటరు రెండు రోజులు తీసుకున్నాడు. జనానికి ఇప్పటికీ అది కరెంటాఫీసే.

చక్రం తిరిగే మీటరు నుంచి స్మార్ట్ మీటరు దాకా ఒక చాప్టర్. బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకి సీజన్‌లో లోడు చాలక మేము పడిన తిప్పలు ఇంకో చాప్టర్. రాస్తుంటే కొంచెం గర్వంగా కూడా ఉంది. దాచుకోవడమెందుకు.

జూలై 2

ఈరోజు అమరుల పేజీ. పని చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్న సిబ్బంది పేర్లు, డివిజన్ వారీగా. మా పాత డివిజన్ కింద పదకొండు పేర్లు పంపారు. ఒక్కొక్కటే టైపు చేశాను. పదకొండు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

పన్నెండోది లేదు. ఉండదని నాకు తెలుసు. లేకుండా చేసిన ముగ్గురిలో నేనొకడిని.

జూలై 3

అన్నం సయించలేదు. అజీర్తి అని వసంతమ్మకి చెప్పాను.

జూలై 6. ఆదివారం

వసంతమ్మ పెళ్ళికి పోయింది. ఇంట్లో ఎవరూ లేరు. రాసేస్తాను.

2007 మే 14. సత్యవేడు దగ్గర ఒక చిన్న సబ్‌స్టేషన్‌లో నేను షిఫ్ట్ ఆపరేటర్ని. లైను మీద పని చేయాలంటే లైన్‌మన్ మాకు ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకోవాలి. మేము సప్లై ఆపి, అతని పేరు రిజిస్టర్‌లో రాసి, స్విచ్ పిడికి ఒక ఎర్ర పలక తగిలిస్తాం. మనుషులు పని చేస్తున్నారు అని ఉంటుంది దాని మీద. పని అయ్యాక, తీసుకున్న వాడే ఫోన్ చేసి లైన్ క్లియర్ తిరిగి ఇవ్వాలి. అప్పుడు పలక తీసి సప్లై ఇస్తాం. ఇద్దరు తీసుకుంటే రెండు పలకలు తగిలించాలి.

ముందు రోజు గాలివానకి తీగలు తెగాయి. ఒకే లైను మీద ఇద్దరు లైన్ క్లియర్ తీసుకున్నారు. పది గంటలకి మా లైన్‌మన్ పెంచలయ్య, పదింపావుకి పక్క ఊరి లైన్‌మన్. నా దగ్గర ఉన్నది ఒక్క పలక. రెండోది విరిగి నెలయింది. కొత్తది రాయించాల్సింది నేనే, రేపు మాపు అని బద్ధకించాను. ఇద్దరికీ కలిపి ఒకటే తగిలించాను. పదకొండున్నరకి రెండో ఆయన పనైందని ఫోన్ చేశాడు. మోటర్లకి కరెంటు ఎప్పుడని రైతుల ఫోన్లు ఒకటే మోత. పలక తీసేశాను. రిజిస్టర్‌లో పై వరస చూడలేదు. సప్లై ఇచ్చేశాను.

స్తంభం మీద ఉన్నది పెంచలయ్య కాదు. ఏబెల్.

ఏబెల్ కంపెనీ మనిషి కాదు. వయసు మళ్ళిన లైన్‌మన్లకి ఇలాంటి వాళ్ళు ఒక్కొక్కరు ఉండేవాళ్ళు, ప్రైవేటు హెల్పర్ అనేవాళ్ళం. పెంచలయ్యకి మోకాళ్ళు పోయాక ఆరేళ్ళు ఆ సెక్షన్ స్తంభాలన్నీ ఏబెలే ఎక్కాడు. అందరికీ తెలుసు. ఏ కాగితంలోనూ లేడు. ముప్పై నాలుగేళ్ళు. ముంజల కాలంలో గెల మోసుకొచ్చి, తినన్నా, ఈ ఎండకి నీ కోపం సల్లబడాల అనేవాడు. ఆ పొద్దున కూడా నాతో టీ తాగే పోయాడు.

మధ్యాహ్నం ఇంజనీరు వచ్చాడు. ఆయన పోయి కూడా పదేళ్ళవుతోంది. బయటోణ్ణి ఎక్కించినందుకు పెంచలయ్య ఉద్యోగం పోతాది, సూడకుండా సప్లై ఇచ్చినందుకు నీది పోతాది, ఇద్దరూ గమ్మునుండండి అన్నాడు. రిజిస్టర్‌లో ఆ పేజీ తీసేసి కొత్త పేజీ రాయించాడు. అందులో పెంచలయ్య లైన్ క్లియర్ తీసుకోలేదు. సప్లై లేని సమయం చూసి ఎవరో బయటి వ్యక్తి తీగ దొంగతనానికి స్తంభం ఎక్కాడు. నా చేత్తోనే రాశాను. ఆరోజు ఏబెల్‌ని తను పిలవనే లేదని పెంచలయ్య పోలీసులకి చెప్పాడు. అవునని నేను సంతకం పెట్టాను.

ఏబెల్ భార్య కృపారాణిని తీగల దొంగ పెళ్ళాం అంటున్నారని విన్నాను. నెల తిరక్కుండా చిత్తూరుకి ట్రాన్స్‌ఫర్ చేయించుకున్నాను. అంత మగాణ్ణి నేను.

జూలై 21

పన్నెండో పేరు టైపు చేశాను. ఏబెల్, 14-5-2007. హోదా గడిలో ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలాను.

జూలై 24

ఖాళీ గడే పట్టించింది. విజయ్ కుమార్ గారు పిలిచి ఎవరీ ఏబెల్ అన్నారు. మొత్తం చెప్పాను. ఆయన నీళ్ళు తాగి, నాకూ ఒక గ్లాసు పోశారు. తర్వాత పేరు మీద గీత కొట్టారు. పండగ పుస్తకంలో దీన్ని ఎలా పెడతాం మునిచంద్ర గారూ అన్నారు. ఇది నేను విననట్టే ఉంటాను, మీకు ఎనిమిది నెలలు సర్వీసుంది, ప్రశాంతంగా పోండి అన్నారు. ఆయన మంచి మనిషి. పద్దెనిమిదేళ్ళ కింద ఇంజనీరు కూడా నాకు మంచివాడిలాగే కనిపించాడు.

ఆగస్టు 3. ఆదివారం

నగరి పోయాను. పెంచలయ్య కొడుకు దగ్గర ఉంటున్నాడు. ముందు గదిలో నాలుగు మరమగ్గాలు. ఆ మోతలో మాట్లాడలేక మిద్దె పైకి పోయాం. ఆ మోకాళ్ళతో మెట్లెక్కడానికి పావుగంట పట్టింది.

పేరు పుస్తకంలో పెట్టాలని చూశాను, కొట్టేశారు, ఇక కృపారాణికే చెప్పేస్తానన్నాను. కోప్పడతాడనుకున్నా. కోప్పడలేదు. నువ్వు సెప్తావని నేను సూసినా, నేను సెప్తానని నువ్వు సూసినావు, ఇట్లనే పద్దెనిమిదేండ్లు పాయ గదప్పా అన్నాడు. ఆరోజు కొమ్మ నరకాలని తను వంద గజాలు అవతలికి పోయాడట. ఏబెల్ పైనుంచి, అన్నా కటింగ్ ప్లేయర్ ఇయ్యి అని పిలిచాడట. తెస్తా ఉండానని సెప్పినా, తెచ్చేలోగా అయిపాయ అన్నాడు. ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఇద్దరు ముసలాళ్ళం, మిద్దె మీద, కింద మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

ఆయమ్మ సత్యవేడులోనే ఉండాది, పిలకాయల బడిలో అన్నం వండతాది అని చెప్పాడు. నేను వస్తే నా మొకాన ఉమ్మేస్తాది, నువ్వే పోయిరా అన్నాడు.

ఆగస్టు 17. ఆదివారం

సత్యవేడు నుంచి ఇప్పుడే వచ్చాను.

కృపారాణి చర్చి నుంచి వచ్చి వాకిట్లో ఆకుకూర ఒలుస్తోంది. నన్ను గుర్తుపట్టింది. కూసోండి సార్ అని స్టూలు వేసింది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఒక్క పలక సంగతి, రిజిస్టర్ పేజీ, నా సంతకం. ఒక్కటి కూడా దాచలేదు.

తిడుతుందనుకున్నాను. కొడుతుందని కూడా అనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆకు ఒలవడం ఆపలేదు. కట్ట మొత్తం అయ్యాక అడిగింది. ఆ పొద్దు లైను పనికి పోతా ఉండానని నాతో సెప్పి పోయినాడు సార్, అది అబద్ధం కాదా అని.

కాదన్నాను.

పెంచలయ్య అన్న పిలవలేదన్నాడే, మీరంతా సంతకాలు పెట్టినారే, నేను మిమ్మల్ని నమ్మినాను సార్ అంది. అప్పుడు చెప్పింది. భర్త తనతో అబద్ధం చెప్పి దొంగతనానికి పోయాడని ఆ మనిషి పద్దెనిమిదేళ్ళు నమ్మింది. పూడ్చిన రోజు తర్వాత సమాధి దగ్గరికి పోలేదు. శిలువ పాతించలేదు. పాస్టరు అడిగితే దొంగోడికి శిలువేలయ్యా అందట. పెళ్ళి ఫోటోలో అతనున్న సగం కత్తిరించి పొయ్యిలో వేసిందట. కూతురు జెస్సీ చిన్నప్పుడు బడిలో ఎవరిదో పెన్సిల్ ఇంటికి తెస్తే, మీ నాయన బుద్ధి వచ్చిందా అని వాత పెట్టిందట. జెస్సీ పెళ్ళి పత్రికలో తండ్రి పేరే వేయించలేదట.

ఆయప్పని నేను ఎంత తిట్టుకున్నానో మీకు తెలీదు సార్ అంది. మాపటేల పండుకునేటప్పుడు తిట్టుకునేదాన్ని, లేసేటప్పుడు తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆ తిట్లన్నీ నేనేం సేసుకోవాల అని అడిగింది.

కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి జరిగింది. జెస్సీకి మీరే సెప్పండి, నేను సెప్తే నమ్మదు అని ఫోన్ నంబర్ ఇచ్చింది.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. మనిషిని చంపింది నా చెయ్యి అనుకుంటూ ఉన్నాను ఇన్నేళ్ళూ. చంపడం అక్కడితో ఆగలేదు.

ఆగస్టు 18

వసంతమ్మకి చెప్పాను. పద్దెనిమిదేండ్లు ఒకే కంచంలో తింటిమే, ఒక్క మాట సెప్పలేదే అంది. చాప తీసుకుని పక్క గదిలోకి పోయింది.

ఆగస్టు 20

జెస్సీకి ఫోన్ చేశాను. మొత్తం విని పెట్టేసింది.

సెప్టెంబర్ 9

కంపెనీకి రాసిచ్చాను. నాలుగు పేజీలు, నా చేతిరాతే, పాత రిజిస్టర్ పేజీ పక్కన పెట్టి చూస్తే రాత ఒకటేనని తెలుస్తుంది. పోలీస్ స్టేషన్‌లో కూడా ఒక కాపీ ఇచ్చాను. పాత కేసు, పైవాళ్ళని అడగాలన్నారు. విజయ్ కుమార్ గారు రసీదు మీద సంతకం పెట్టి, చరిత్ర పని ఇక వేరేవాళ్ళు చూసుకుంటారన్నారు. మీరు, గారూ, అంతా మర్యాదగానే. నా టేబుల్ మాత్రం రికార్డు రూములోకి మార్చారు.

సెప్టెంబర్ 26

మెమో వచ్చింది. తప్పు రికార్డు ఎందుకు రాశారో పదిహేను రోజుల్లో తెలపాలి అని. పద్దెనిమిదేళ్ళలో ఈ ప్రశ్న నన్ను అడిగిన మొదటి కాగితం. సంతోషంగా జవాబు రాశాను. భయపడ్డాను అని ఒక్క మాట చాలు, అయినా రెండు పేజీలు అయింది.

వసంతమ్మ టీ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. రాసిందంతా అక్కడే నిలబడి చదివింది.

అక్టోబర్ 15

చరిత్ర పుస్తకం వచ్చింది. మంచి కాగితం, రంగు బొమ్మలు. నా వాక్యాలు చాలానే ఉన్నాయి, నా పేరు ఎక్కడా లేదు. దానికి బాధ లేదు. అమరుల పేజీ తీశాను. పదకొండు.

పెన్ను తీసి కింద రాశాను. నా కాపీలో మాత్రం పన్నెండు. ఇదేం పిల్లచేష్ట అనిపించి సిగ్గుపడ్డాను.

అక్టోబర్ 30

కృపారాణి ఫోన్ చేసింది. ఆదివారం సమాధుల పండగంట. జెస్సీ వస్తుందంట. స్థలం వెతకాల, మీరు ఆ పొద్దు పూడ్సేటప్పుడు ఉన్నారు కదా సార్, యాడో గుర్తుందా అని అడిగింది.

ఉన్నాను. గేటు బయట, లారీ వెనక. దగ్గరికి రాలేదు. అదే చెప్పాను.

నవంబర్ 2. ఆదివారం

సత్యవేడు. సమాధుల దగ్గర ముళ్ళచెట్లు కొట్టించారు. పాత గోడ లేదు, పాత పాస్టరు లేడు. శిలువ లేని దిబ్బలు మూడు ఉన్నాయి, ఏది ఏబెల్‌దో చెప్పేవాళ్ళు లేరు.

తల్లీ కూతురూ ఒక్క దండే తెచ్చుకున్నారు. జెస్సీ దాన్ని మూడు ముక్కలుగా తుంచింది. కృపారాణి మూడు దిబ్బల దగ్గరా కూర్చుంది. మూడుచోట్లా, నువ్వు నాతో అబద్ధం సెప్పలేదంట అని చెప్పింది.