ఫ్లాస్కు మీద చీటీ

నాగిరెడ్డిపేట,
ఆగస్టు 24.

సాయిలతకు,

తిరుపతి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. పుణెలో నీ ఒళ్లు బాగుందని, వేళకు తింటున్నావని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. ఫోన్‌లో ఆ, ఊ తప్ప నేనేమీ చెప్పనని, అడిగినవాటికి కాగితం మీద జవాబు రాయమన్నావు. నాట్లయ్యాయి, కలుపు తీయించాం, ఇప్పుడు యూరియా కోసం తిరుగుతున్నాను. ఇది సొసైటీ ముందర అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. నా చెప్పులు వరుసలో ఉన్నాయి. లారీ వస్తే ఎవరి చెప్పుల దగ్గరికి వాళ్లు పోతారు. ఇది మూడో రోజు.

అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. కామారెడ్డి డాక్టరు గోలీలిచ్చాడు. నొప్పి ఉన్న రోజు వేసుకుంటుంది, లేని రోజు దాచిపెడుతుంది. బీడీలు చేసేటప్పుడు కాళ్లు చాపుకోమంటే ఒళ్లో చాట నిలవదంటుంది. చాట కింద పెట్టుకోమంటే, "ఇగ పండుకొని చెయ్యమను" అంటుంది.

నువ్వు పంపిన రంగుల బొమ్మ అమ్మకు చూపించాను. ఆ ఎంజైమ్ ఇట్లా ఉంటుందట అన్నాను. కళ్లద్దాలు పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఏందిరా ఇది? జాతరల రిబ్బన్ల దుకాణం కూలినట్టున్నది."

"కోడలు రెండేండ్ల సంది చదువుతున్నది దీని గురించేనే."

"అయితే కూలలేదు తియ్యి. ఆమెనే సదిరిపెట్టి ఉంటది" అని జాగ్రత్తగా మడిచి బియ్యం డబ్బా మీద పెట్టింది.

నాకు అర్థమైనంత నేను రాస్తాను. తప్పుంటే దిద్దు. గడ్డిలో ఉండే సెల్యులోజ్ అంటే చక్కెర పూసలు గుచ్చిన దారాలు. ఆ దారాలు పక్కపక్కనే బిగుసుకుని ఉంటాయి కాబట్టి గడ్డి నీళ్లలో కరగదు. వాటిని తెంపే ఎంజైమ్‌ను బ్యాక్టీరియా తనలో తయారుచేసుకుని బయటికి వదులుతుంది. మామూలు ఎంజైమ్ వేడి తగిలితే గుడ్డు ఉడికినట్టు ఉడికి పనికిరాకుండా పోతుంది. నీది మాత్రం మనం చెయ్యి పెట్టలేని వేడిలో కూడా ఆకారం చెడదు. లోపల సందు లేకుండా మడతలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయని రాశావు. దానికి ఒక పక్క పొడుగాటి గాడి ఉంది. దారం అందులో పడితే తెగుతుంది. గాడికి కొంచెం దూరంగా, సన్నటి తాడు చివర చదునైన ముక్క ఉంటుంది. అది గడ్డి పోగును గట్టిగా పట్టుకుంటుంది. దాన్ని నువ్వు చెయ్యి అని రాశావు. మన గడ్డి మిషన్ గుర్తొచ్చింది. కత్తి ఎంత పదునున్నా, గడ్డిని దాని నోట్లోకి తోసే చెయ్యి లేకపోతే ముక్క తెగదు.

నువ్వు ఆగిపోయింది ఈ చేతి దగ్గరే. పెంటకుప్పల్లో దొరికిన ఇలాంటి వాటికి ఎక్కువగా ఒకే చెయ్యి ఉందని, దీనికి రెండున్నాయని రాశావు. బర్రె నమిలి, కడుపులో నానబెట్టి, మెత్తగా చేసి వేసిన పెంటలో బతికేదానికి ఎండుగడ్డిని అంత గట్టిగా పట్టుకునే పని ఏముందని మీ సారు అడిగారట. ఆర్నెల్లుగా దానికి కారణం వెతుకుతున్నావట. మూడు రకాలుగా రాస్తే సారు మూడూ కొట్టేశారట. వచ్చే నెలాఖరుకు పేపర్ పంపాలని, అందులో ఆ బ్యాక్టీరియా ఎక్కడ దొరికిందో సరిగ్గా ఉండాలని, కుప్ప ఎంత పాతది, ఎంత లోతున తీశారు, ఎంత వేడి ఉంది, ఎవరు తీశారు, అన్నీ రాసి పంపమని ఫారం పెట్టావు.

ఫారం నింపడానికి రెండుసార్లు కూర్చున్నాను.

లారీ రాలేదు. చెప్పులు తొడుక్కుని ఇంటికి పోతున్నాను. మిగతాది రేపు రాస్తాను.

ఆగస్టు 25.

సాయిలతా, అది పెంట కాదు.

రెండేండ్ల కింద ఆగస్టులో వానలు పడ్డప్పుడు నువ్వు అక్కడ మొదటి పరీక్షల్లో ఉన్నావు. ఊళ్లో అందరం బాగున్నాం, నీళ్లు మన ఇంట్లోకి రాలేదు అని ఫోన్‌లో చెప్పాను. అది నిజమే. ఇంటి వెనక గడ్డివాములోకి వచ్చాయి. అది చెప్పలేదు. యాసంగి గడ్డంతా అందులోనే ఉంది. పైనుంచి వాన, కింద మోకాలు లోతు నీళ్లు, నాలుగు రోజులు.

అంతకు ముందే నువ్వు అడిగి ఉన్నావు. పెంటకుప్ప లోపల చెయ్యి పెడితే కాలేంత వేడి ఉన్న చోట నుంచి ఇంత తీసి ఫ్లాస్కులో పెట్టి, మన ఊరి శైలేందర్ పుణె వచ్చేటప్పుడు అతనికి ఇమ్మన్నావు. కానీ పెంట ఎండాకాలంలోనే పొలానికి తోలేశాం. గుంతలో మిగిలింది వాననీళ్లలో నాని చల్లగా ఉంది. శైలేందర్ రేపు బయలుదేరుతున్నాడనగా గడ్డివాము నడుమ నుంచి ఆవిరి లేస్తుంటే చూశాను. అంటుకుంటుందేమోనని భయపడి కొక్కెంతో లాగాను. లోపల గడ్డి పొగాకు రంగుకు తిరిగి, తెల్లగా బూజు పట్టి ఉంది. చెయ్యి పెడితే చురుక్కుమంది. నువ్వు చెప్పిన వేడి ఇదే అనిపించింది. ఫ్లాస్కు నిండా కుక్కాను.

స్టేషన్‌లో ఫ్లాస్కు ఇస్తే శైలేందర్ తట్టి చూశాడు.

"ఏందన్నా, చాయా? దూరం పోవాలె, మంచిగైంది."

"చాయ్ అనుకొని తాగకు. పెంట."

"థూ! వదిన చదువు పాడుగాను, నా సీటు కింద పెంట పెట్టుకొని రాత్రంత పోవాల్నా?"

నవ్వాను. ఫ్లాస్కు మీద చీటీ అప్పటికే అంటించాను. చీటీ మీద ఏమేం ఉండాలో నువ్వే చెప్పావు. ఎక్కడిది అన్నచోట ఇంటి పెంటకుప్ప అని రాశాను. పొరపాటున రాయలేదు. పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించే రాశాను.

గడ్డి అని రాస్తే కుళ్లిన గడ్డి ఎక్కడిదని అడుగుతావు. వాము కుళ్లిందంటే బర్రె ఏం తింటున్నదంటావు. ఊళ్లో ఎవరి దగ్గరా గడ్డి లేదు. చెలకల్లో ఇసుక మేట. ఎండినట్టు కనబడ్డ గడ్డి ఏరి రెండు రోజులు వేస్తే మన బర్రె చుక్కకు కడుపు ఉబ్బింది, పాలు ఆగిపోయాయి. ఈ గడ్డి ఇంకోసారి వేస్తే బర్రె మీద ఆశ వదులుకోమని మందులిచ్చే ఆయన చెప్పి పోయాడు.

చుక్కను పిట్లంలో మా అక్క దగ్గర మేపుతున్నామని నీకు చెప్పాను. అది అక్కడ లేదు. ఎన్నడూ పోలేదు. అంగడికి తోలి అమ్మాను. బాన్సువాడ దిక్కు మనిషి కొన్నాడు. ఊరు అడిగాను, చెప్పాడు. పోయినేడు ఆ ఊరికి పోతే అతను దాన్ని వేరేవాళ్లకు అమ్మేశాడు. అక్కడి నుంచి ఎటు పోయిందో తెలియలేదు.

అది నీ బర్రె. మీ బాపు పెండ్లిలో నీకు అరణంగా ఇచ్చి, పసుపు పూసి, తాడ్వాయి నుంచి నీ వెంట పంపింది. అరణపు పశువును ఆడమనిషి మాట లేకుండా అమ్మరని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అంగడికి తోలే రోజు అమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"ఆమె బర్రెను అమ్మెటోనివి, ఆమెకొక్క ఫోన్ కొట్టలేవురా?"

"కొడితే చదువు ఇడిసిపెట్టి వస్తదే. పెండ్లి కోసమని ఒకసారి ఇడిసింది, సాలదా?"

"అచ్చేది, రానిది ఆమె ఇష్టం. నీదా?"

తోలుకుపోయాను. అమ్మిన తర్వాత దాని మెడ తాడు, ఆ తలుగు విప్పి నేనే తెచ్చుకున్నాను. కొట్టంలో తగిలిస్తే నువ్వొచ్చినప్పుడు చూస్తావని అటక మీద వేశాను. పండుగకు వచ్చినప్పుడు చుక్కను చూడ్డానికి పిట్లం పోదామన్నావు. నాకు జ్వరమని పడుకున్నాను. జ్వరం లేదు.

నిన్ను చదువుకోనివ్వాలనే చేశాను. ఇది రాసి చూసుకుంటే చిన్నగా కనబడుతోంది. చదువుకునేది నువ్వు, చేసింది నేను, నిన్ను అడగలేదు. దాని మీద నువ్వు ఆర్నెల్లు లేని కారణం వెతికావు. మీ సారు నీ రాతలు మూడుసార్లు కొట్టేశారు. నాకు నీ ఉత్తరం చదివేదాకా ఆ చీటీ మాటే గుర్తులేదు. రెండు చేతుల సంగతి చదివాక గుర్తొచ్చింది. అది ఎవరూ నమలని గడ్డిలో, వరిగడ్డి ఉన్నది ఉన్నట్టుగా కుళ్లుతున్న చోట బతికింది. పట్టుకోవడానికి దానికి చేతులు కావాలేమో. ఇది జవాబు అవునో కాదో నాకు తెలియదు. నువ్వు తేల్చాలి.

ఫారం నింపి దీంతో పెడుతున్నాను. పెంటకుప్ప అన్నది కొట్టేసి వరిగడ్డి వాము అని రాశాను. యాసంగి గడ్డి, నాలుగు నెలల పాతది, తడిసిన పదిహేనో రోజున తీసింది. లోతు మోచేయి దాటి. వేడి కొలవలేదు. చెయ్యి పెట్టి మూడు లెక్కపెట్టేలోపు తీసేయాల్సి వచ్చింది, అదే రాశాను. తీసిన మనిషి పేరు నాది. మీ సారు పేపర్ ఆపమంటే ఆపు. చీటీ మీద తెలిసీ తప్పు రాసింది నా భర్త అని నా పేరు పెట్టి చెప్పు. నేను మాట్లాడాలంటే వాళ్లకు నా నంబరు ఇవ్వు. హిందీ రాదు, అయినా చెప్తాను.

పోయిన నెల ఎల్లారెడ్డి బస్టాండులో మీ బాపు కనిపించాడు.

"అల్లుడూ, చుక్క ఈనినట్టా ఈననట్టా? రెండేండ్లాయె, జున్నుపాల ముచ్చటే లేదు. అంత మీరే తాగుతున్నరా?" అని నవ్వాడు.

పిట్లంలో ఉంది మామా అన్నాను. బస్సొచ్చిందని ఎక్కేశాను. అది నేనెక్కాల్సిన బస్సు కాదు. లింగంపేటలో దిగి మళ్లీ వెనక్కి రావాల్సి వచ్చింది.

రేపు పొద్దున ఈ కవరు ఎల్లారెడ్డి పోస్టాఫీసులో వేసి, కామారెడ్డి బస్సెక్కి తాడ్వాయిలో దిగుతాను. బర్రెనిచ్చిన మనిషికి నేనే చెప్పాలి. ఈ కాగితం నీకు అందడానికి అయిదారు రోజులు పడుతుంది. కోపంలో మీ బాపు ముందే నీకు ఫోన్ చేయొచ్చు. చేయొద్దని నేను అడగను. రెండేండ్లు ఆపింది చాలు.

ఇంకో బర్రెను తెస్తానని రాసి కొట్టేశాను, పైన ఆ గీత అదే. నువ్వు రేపే వస్తావో, చదువు ముగించి వస్తావో, కొన్నాళ్లు మాట్లాడకుండా ఉంటావో నాకు తెలియదు. ఏం చేస్తావో ఈసారి నేను ముందే అనుకోవడం లేదు.

ఇట్లు,
నీ పెనిమిటి
తిరుపతి