మెరిసే పక్క పెట్టిన బొట్టు

బుజ్జోడా,

అక్క పాటల సీడీని నేనే పాడు చేసినాను నాయనా. సంవత్సరీకం నాడు అక్క ఫొటోకి పెట్టినట్టే దానికీ గంధం, కుంకం పెట్టినాను. మెరిసే పక్కే ముఖమనుకున్నాను. మరకలు పోలేదని చింతపండేసి తోమినాను. ఇంక పాడలేదు.

పుత్తూరులో కంప్యూటర్ అంగడి మునిచంద్ర దాన్ని తన కంప్యూటర్ని నడిపే లినక్స్‌లో పెట్టి కాపీ తీసినాడు. "గీతలు పడిన చోట మళ్లీ మళ్లీ చదవతా ఉండాది, ఓపిక పట్టుమా" అన్నాడు. సాయంత్రం దాకా ఆడనే కూర్చున్నాను. రెండు పాటలు వచ్చినాయి. నీకని పాడిన జోలపాట మాత్రం రాలేదు.

అక్క పోయిన కొత్తల్లో నువ్వు కాపీ అడిగితే, నా బిడ్డ గొంతు ఎవరికీ ఇయ్యనని అరిచినాను. ఇచ్చుంటే నీ దగ్గరన్నా ఉండేది.

ఆ రెండు పాటలూ కొత్త సీడీలో పంపిస్తా ఉండాను. దీనికి బొట్టు పెట్టలేదు.

వేళకి కడుపు నిండా అన్నం తిను.

అమ్మ