తొక్కేసిన జాడ

ఆదివారం. ఎండ మండిపోయింది. పొద్దున దొడ్డి ఊడ్చాను.

అన్నా, నువ్వు పోయాక నేను పెంచుతున్న నీ కూతురు, తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం మధ్యాహ్నం ఒక్కతే గుట్టకు పోయింది. ఇంకా రాలేదు. పాప ఫోను కలవలేదు. సిగ్నల్ కోసం నా ఫోనునే చూస్తూ గుట్ట కింద అటూ ఇటూ తిరిగాను. తీరా కిందికి చూస్తే, దుమ్ములో పాప అడుగులన్నీ నా చెప్పుల కింద చెరిగిపోయాయి. చిన్నప్పుడు గొర్రెల జాడ తొక్కితే నువ్వు నా వీపు వాయగొట్టేవాడివి.

వెతకడానికొచ్చిన పక్కదొడ్డి ముసలాయన అరిచాడు: "ఏమప్పా, ఇంకా తొక్కుతాండావా? నువ్వు ఈడే కూచో!"

కూర్చున్నాను. ఊరికే ఉండలేక ఇది రాస్తున్నాను. మనం గుట్టల మీద పిలుచుకున్న కూత, నువ్వు పాపకూ నేర్పావే, అది నాలుగుసార్లు వేశాను. జవాబు లేదు. పొద్దు వాలుతోంది. గొర్రెలకు నీళ్లింకా పెట్టలేదు. ఆగన్నా, పైనుంచి కూత