రెండో గేజీ

నాన్నకి,

నీ పెద్ద కూతురు నమస్కారం పెట్టి రాస్తున్నది. ఇంట్లో అమ్మ, చెల్లి, నేను బాగానే ఉన్నాం. నీ ఓడ, ఓడలో నువ్వు, నీ ఇంజిన్ గదిలో ఆ ముసలి పంపు, అందరూ బాగుండాలని కోరుకుంటున్నాం. పంపును ఎందుకు కలిపానంటే, పోయిన ఉత్తరంలో మా గురించి నాలుగు ముక్కలు రాసి దాని గురించి రెండు పేజీలు రాశావు. అమ్మ చదివి, "ఆ పంపునే కట్టుకోవాల్సింది ఈయన" అంది. నవ్వుతూనే అందిలే.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. మెట్లు ఎక్కుతోంది, ఎక్కుతున్నంతసేపూ మేడ మీద ఇల్లు తీసుకున్నందుకు నిన్ను తిడుతోంది. చెల్లి పరీక్షలు బాగా రాశానంటోంది. దాని మాట నమ్మడం నీ ఇష్టం. నా కోపం తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు. ఫ్యాక్టరీలో నేను మూతలు బిగించే మెషీన్ దగ్గర ఉంటాను కదా, సీసా పగిలితే చాలు, తప్పు నాదేనంటాడు సూపర్‌వైజరు. బెల్టు వదులైంది మహాప్రభో అని నేను ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నాను. మొన్న అదే తెగింది. లైన్లో ఉన్న పళ్ళరసమంతా వాడి కొత్త బూట్లలోకి పోయింది. నేను అక్కడ నవ్వలేదు. మెషీన్ ఆపి, అవతలికి పోయి నవ్వాను.

ఇక సైకిల్ సంగతి. స్పీడు, దూరం చూపించే సైకిల్ కంప్యూటర్ ఏది కొన్నావు, ఎందుకు అదే కొన్నావు, నా పాత మీటరు ఏం చేశావు, జట్టులో చోటు దొరికిందా అని ఒక్క గుక్కలో అడిగేశావు. మొదటి రెండింటికీ ఇప్పుడే చెబుతాను. తర్వాతి రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. వాటి దాకా రావడానికి నాకు కాస్త ధైర్యం కావాలి.

అసలు కంప్యూటర్ ఎందుకు కొనాల్సి వచ్చిందంటే మా కెప్టెన్ వల్ల. గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆవిడే ఫ్యాక్టరీల సైకిల్ రేసులో మా జట్టుకు కెప్టెన్. నలుగురి జట్టులో ముగ్గురు ఖాయమయ్యారు, ఒక్క చోటు మిగిలింది. వెళ్ళి అడిగాను.

"ఊరి చుట్టూ ఉన్న రోడ్డు మీద ఎంత స్పీడు తొక్కుతావ్?" అంది.

"గంటకి ముప్పై రెండు."

"ఎవరు చెప్పారు?"

"మా నాన్న మీటరు."

"మీ నాన్న మీటరు అంకె చెప్పి ఊరుకుంటుందమ్మా, ఎక్కడ ఎంత తొక్కావో దాచదు. తొక్కిందంతా దాచిపెట్టి చూపించే కంప్యూటర్ పెట్టుకుని రా. రోడ్డంతా తొక్కి సగటు ముప్పై రెండు చూపించు. చోటు నీదే."

దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు నన్ను పైనుంచి కిందికి చూసి, "మీకైతే ఇది బాగుంటుంది, గులాబీ రంగు కవరు కూడా వస్తుంది" అన్నాడు.

"కవరు స్పీడు చూపిస్తుందా?"

వాడు గొంతు సవరించుకుని అరచేతంత పెద్దది తీశాడు. రంగుల తెర, వేలితో తాకితే పనిచేస్తుంది, మ్యాపు ఉంది, మలుపు మలుపుకీ దారి చెబుతుంది.

"రోజూ తిరిగే రోడ్డుకి దారెందుకండీ? తప్పిపోతే అడుగుతా, నోరుంది కదా."

"నోరుందని తెలుస్తూనే ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాటకీ వాడంటే కాస్త గౌరవం కలిగింది.

నేనేం వాడి మాట మీద కొనలేదు నాన్నా. వేలు నీళ్ళలో ముంచి ఆ తెర మీద పెట్టాను. అది తికమకపడి ఎక్కడెక్కడికో గెంతింది. చెమట చేతులతో తొక్కేదాన్ని, నాకది దేనికి? ఎండలోకి తీసుకెళ్ళి చూస్తే తెర అద్దమైపోయింది, నా ముఖం కనిపించింది. నా ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. చివరికి మూలన ఉన్న ఒక నలుపు తెలుపు తెరదాన్ని అడిగి తీయించాను. బటన్లు ఉన్నాయి, గ్లౌజులతో నొక్కినా పలుకుతాయి. ఎండలో అంకెలు ఇంకా బాగా కనిపిస్తాయి. జీపీఎస్‌తో నడుస్తుంది, తొక్కిందంతా దాచుకుంటుంది, ఛార్జింగ్ చాలాసేపు ఉంటుంది. ఎదురుగాలిలో తల వంచి తొక్కేటప్పుడు తెర మీద ఒక్క చూపు పడుతుంది, అంతే. ఆ ఒక్క చూపుకి అంకె దొరకాలి. మిగతావన్నీ అలంకారాలు. ఎవరూ నేర్పకుండా, మాన్యువల్స్ నేనే చదువుకుని, నేనే ఎంచుకున్నాను. నాకు దాని మీద గర్వంగానే ఉంది.

కొన్నాక నీ పద్ధతే పాటించాను. ఒక గేజీ చూపించిన కొలతను రెండో గేజీతో సరిచూడకుండా నువ్వు ఇంజిన్ గదిలో ఏ అంకెనూ నమ్మవు కదా. హ్యాండిల్ మీద ఇటు నీ పాత మీటరు, అటు కొత్త కంప్యూటర్ పెట్టి బయల్దేరాను.

పాతది ముప్పై రెండు అంది. కొత్తది ముప్పైన్నర.

నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా దుకాణానికి పోయి, "మీ డబ్బా అబద్ధాలు చెబుతోంది" అన్నాను.

"చెట్ల కింద కాస్త అటూ ఇటూ చూపిస్తుందండీ."

"ఆ రోడ్డు మీద ఒక్క చెట్టు లేదు."

"అయితే మీ పాతదే తప్పేమో."

"అది మా నాన్న పెట్టింది!"

దుకాణంలో అందరూ తిరిగి చూశారు. అంత గట్టిగా అరిచాను.

మర్నాడు డ్యూటీ దిగి కిలోమీటరు రాళ్ళ పక్కన తొక్కాను. కొత్తది ప్రతి రాయి దగ్గరా రాయితో సమానంగా ఉంది. పాతది మాత్రం రాయి రాకముందే కిలోమీటరు అయిపోయిందంటోంది. ఇంటికొచ్చి పాతదాని సెట్టింగు తెరిచాను. అందులో ఉన్న చక్రం చుట్టుకొలత నా సైకిల్‌ది కాదు. టైరు మీద సుద్దతో గీత గీసి, ఎక్కి కూర్చుని, చక్రం ఒక్క చుట్టు తిరిగేదాకా గోడ పట్టుకుని జరిగి, చెల్లి చేత కొలిపించాను. బాగా తక్కువ వచ్చింది.

ఇదే నాన్నా, నేను ఇందాకటి నుంచీ చెప్పలేక తిప్పుతున్న మాట. ఓడ ఎక్కే ముందు నువ్వు ఆ మీటరును నీ నల్ల సైకిల్ నుంచి విప్పి నా రేసు సైకిల్‌కి కట్టావు. కట్టావు గానీ కొలత మార్చలేదు. నా చిన్న చక్రం ఒక చుట్టు తిరిగితే అది నీ పెద్ద చక్రం తిరిగినట్టు లెక్కేసింది. ఇన్నాళ్ళూ నేను నీకు రాసిన స్పీడులన్నీ తప్పే. నా ముప్పై రెండును ఇంజిన్ గది బోర్డు మీద సుద్దతో రాసిపెట్టానని, వంటాయన దగ్గర్నుంచి ఓడ కెప్టెన్ దాకా అందరికీ చూపించానని రాశావు. అది చదివినదాన్ని, తప్పని ఎలా రాయను? మీటరు పోయిందని చెప్పేద్దామా అని కూడా అనుకున్నాను. నీ మీద మండిపడ్డాను కూడా. ఓడలో ప్రతి గేజీని సరిచూసేవాడివి, కూతురి సైకిల్ దగ్గర మర్చిపోయావేంటి అని. అమ్మ ఒక్క మాట అంది: "ఆ రోజు ఆయన కళ్ళకి సరిగ్గా ఏమీ కనిపించలేదులే."

దుకాణదారుకి సారీ చెప్పలేదు. వెళ్ళి ఒక జత బ్రేకు రబ్బర్లు కొన్నాను. వాడికి అర్థమైంది. మా కెప్టెన్‌కి మాత్రం చెప్పాను.

"నేను చెప్పిన ముప్పై రెండు తప్పు. ముప్పైన్నరే."

"అయితే మానుకుంటావా?"

"ఎవరన్నారు?"

"మరి కళ్ళెందుకు ఎర్రబడ్డాయ్?"

"కోపం."

"మంచిదే. తీసుకెళ్ళి పెడలు మీద పెట్టు. నెలాఖరుకి రా."

పెట్టాను. డ్యూటీకి ముందు, డ్యూటీ అయ్యాక, ఎదురుగాలి ఉన్న రోజు మరీ గట్టిగా. నీ మీటరుకు అసలు కొలత పెట్టి దాన్ని కూడా హ్యాండిల్ మీదే ఉంచాను.

నెలాఖరు ఆదివారం రోడ్డంతా తొక్కి వచ్చి, సైకిల్ దిగలేక అలాగే హ్యాండిల్ మీద పడిపోయాను. కెప్టెన్ కంప్యూటర్ విప్పుకుని చూసింది. కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూసింది.

"మీ నాన్నది ఏమంటోంది?" అంది.

తల ఎత్తి పాతదాని సగటు చూశాను. "ముప్పై రెండు."

"ఇదీ అదే అంటోంది."

నాన్నా, జట్టులో నాలుగో మనిషిని నేనే. నీ మీటరు హ్యాండిల్ మీదే ఉంటుంది, రేసులో కూడా. అదే నా రెండో గేజీ.

కొలత సంగతి నీ ఓడవాళ్ళకు చెప్పాలో వద్దో నీ ఇష్టం. బోర్డు మీద అంకె మాత్రం తుడవకు. నువ్వు కాస్త ముందు రాశావు, నేను కాస్త వెనక వచ్చాను. అంతే తేడా.

అక్కడివాళ్ళందరికీ నమస్కారాలు. పంపుకు కూడా.

ఇట్లు,
ముక్కు మీద కోపం అలాగే ఉన్న
నీ పెద్ద కూతురు