రంగులకు పేర్లు పెట్టారక్కా

సుగుణక్కా,

నీ ఏడాది కార్యం కాగానే నీ కూతురు స్వప్న మన మ్యాచింగ్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టించింది. జాకెట్టు ముక్కలన్నీ రంగుల పేర్లను బట్టి అరల్లో సర్దించింది. నువ్వయితే ఆకుపచ్చ పక్కన చిలకపచ్చ, దాని పక్కన నిమ్మపండు రంగు, ఒకదాంట్లోంచి ఒకటి వచ్చినట్టు పేర్చేదానివి. చీర చూడగానే నా చెయ్యి దానంతటదే సరైన అర మీదకు పోయేది. ఇప్పుడు ఎంత వెతికినా ఏదీ దొరకక ఒళ్లు మండిపోతోంది.

"పేరు జెప్పు చిన్నమ్మా, జల్దీ దొరుకుతది," అంటుంది స్వప్న.

ఏ పేరు చెప్పను? ఒకామెకు వంకాయ రంగయినది ఇంకొకామెకు నేరేడు రంగు. నువ్వూ తక్కువేం కాదు. "పేరెందుకే, కండ్లు లేవా?" అనేదానివి. ఇప్పుడు ఫోన్‌లో సరుకు చెప్పేటప్పుడు హోల్‌సేల్ వాళ్లకు నా కళ్లు ఎట్లా చూపించను?

ఇవాళ అత్వెల్లి నుంచి ఒకామె వచ్చి, "సుగుణక్క రంగు ఉన్నదా?" అని అడిగింది. నువ్వెప్పుడూ తొడుక్కునే జాకెట్ రంగు, ఇటుకకూ పసుపుకూ మధ్యది.

స్వప్న కంప్యూటర్‌లో చూసి, "గా పేరు లేదు," అంది.

అరలన్నీ కలియబెట్టి ఒకే ఒక్క ముక్క పట్టుకున్నాను. నీలాగే గుమ్మంలోకి తీసుకెళ్లి ఎండలో పరిచి చూపించాను.

"గిదే!" అందామె.

స్వప్న వచ్చి ముక్క నా చేతిలోంచి లాక్కుంది. "ఇది అమ్మం," అని లోపలికి తీసుకుపోయింది.

ఏ పేరున్న అరలో పెట్టిందో చెప్పదు.